ఒకటిన్నర శ్రుతి గొంతుకు స్ప్రింగ్ కేపో: మూడేళ్ల వాడకం తర్వాత

గిటార్ వాయిస్తూ పాడాలనుకునేవాళ్లు మొదటి నెలలోనే కొనుక్కోవాల్సింది కేపో, అంటే గిటార్ మెడ మీద తీగలన్నిటినీ ఒకేసారి అడ్డంగా నొక్కి శ్రుతి పెంచే క్లిప్పు. మొదటి ఏడాదైతే, గిటార్ కన్నా ముందు అదే కొనమని చెప్పేవాణ్ణి. మూడేళ్లయ్యాక ఆ ఉత్సాహం కాస్త తగ్గింది కానీ, పెట్టెలోంచి అది బయటికి మాత్రం పోలేదు. నాది పిడి నొక్కితే నోరు తెరిచే స్ప్రింగ్ రకం. స్టీలు తీగల అకూస్టిక్ మీద దాదాపు రోజూ వాడకం.

కొత్తగా పాడేవాళ్లు "నా గొంతు బాలేదు" అనుకుంటారు. చాలాసార్లు తప్పు గొంతుది కాదు, శ్రుతిది. సినిమా పాట ఏ శ్రుతిలో రికార్డయిందో అదే శ్రుతిలో కార్డులు (కొన్ని స్వరాలు కలిపి మోగించే పట్లు) దించుకుంటారు. పల్లవి దాకా బాగానే నడుస్తుంది. చరణంలో పైస్థాయి అందుకునేసరికి గొంతు చీరుకుపోతుంది. సంగీతం మాష్టారి దగ్గర చేరితే మొదటి రోజే నీది ఒకటిన్నర, నీది ఐదున్నర అని తేల్చేస్తారు. గిటార్ పాఠాల్లో ఆ ఊసే ఉండదు. కేపో చేతిలో ఉంటే ఆ పని మనమే నిమిషంలో చేసుకోవచ్చు. నాకు ఈ వస్తువు మీద ఉన్న ప్రేమంతా దీని కోసమే.

మన శ్రుతి లెక్కకూ ఫ్రెట్లకూ (మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీల మధ్య గళ్లు) చుట్టరికం తేలికే. ఒకటి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్, ఆరు ఎ. ప్రతి అరకూ ఒక ఫ్రెట్. మూడు నుంచి నాలుగుకు మాత్రం ఒక్క ఫ్రెట్టే, మధ్యలో మూడున్నర లేదు. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. సి కుటుంబం కార్డులు (సి శ్రుతిలో ఇమిడేవి) పట్టుకుని మొదటి ఫ్రెట్‌లో కేపో పెడితే ఒకటిన్నర, మూడో ఫ్రెట్‌లో పెడితే రెండున్నర. జి కుటుంబంతో మొదటి ఫ్రెట్ అయితే ఐదున్నర, రెండో ఫ్రెట్ అయితే ఆరు.

శ్రుతి వెతకడం పల్లవితో మొదలుపెట్టకూడదు. పాటలో అన్నిటికన్నా పైకి వెళ్లే ముక్క తీసుకుని, అది అరవకుండా పలికేదాకా ఒక్కో ఫ్రెట్ జరుపుతూ పోవాలి. తర్వాత అట్టడుగు స్వరం పాడి చూడాలి. అది గాలిలా పోతుంటే ఒక ఫ్రెట్ పైకి. పొద్దున్న గొంతుకూ సాయంత్రం గొంతుకూ ఒక ఫ్రెట్ తేడా ఉంటే కంగారుపడక్కర్లేదు. జలుబు చేసిన రోజున ఒకటో రెండో దించుకోవడమే.

కేపో శ్రుతిని పెంచుతుందే గానీ దించదు. దించాలంటే కార్డుల కుటుంబం మార్చాలి. సి ఉన్నచోట జి, ఎఫ్ ఉన్నచోట సి, జి ఉన్నచోట డి, ఎ మైనర్‌కు ఇ మైనర్, డి మైనర్‌కు ఎ మైనర్ పడితే పాట మొత్తం ఐదు అరస్వరాలు దిగుతుంది. అక్కణ్ణుంచి కేపోతో కావలసినంత ఎత్తుకోవడం. సి శ్రుతి పాట రెండు అరస్వరాలు ఎక్కువైతే, జి కుటుంబం కార్డులు, మూడో ఫ్రెట్‌లో కేపో. పనిలో పనిగా, ఒక్క వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కాల్సిన ఎఫ్ కార్డు గొడవా వదిలిపోతుంది.

వదిలిపోతుంది అన్నాను గానీ, అది సగం నిజం. కేపో ఉంది కదా అని ఎఫ్‌ను పక్కన పెట్టేస్తే, డి కుటుంబంలో బి మైనర్ ఎదురైనప్పుడు మళ్లీ అదే గోడ. పైగా ఐదో ఫ్రెట్ దాటితే గిటార్‌లో గంభీరం పోయి మాండలిన్ వాసన వస్తుంది. బేస్ గొంతున్నవాళ్లకు ఆ పల్చటి మోత కింద ఆసరా ఉండదు.

ఎఫ్ మాట వచ్చింది కాబట్టి, ఊహించని లాభం ఒకటి. ఎఫ్ పట్టలేకపోవడానికి మన వేళ్లే కారణం కానక్కర్లేదు. మొదటి ఫ్రెట్‌లో కేపో పెట్టి, అదే ఎఫ్ ఆకారం దాని తర్వాత పట్టి చూడండి. ఒక్కసారిగా సులువైపోతే దోషం నట్‌ది. తల దగ్గర తీగలు కూర్చునే ఆ తెల్లముక్కలో గాళ్లు లోతు తక్కువై, తీగ ఎత్తుగా ఉందన్నమాట. తక్కువ ధర గిటార్లలో ఇది మామూలే. రూఢి చేసుకోవడానికి తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ కమ్మీ మీద సందు చూడాలి. కాగితం మందాన ఉంటే చాలు. అంతకు బాగా ఎక్కువుంటే రిపేరు చేసేవాళ్ల చేత గాళ్లు దించించుకోవాలి. సొంతంగా ఆకురాయి పట్టొద్దు. ఒక్క గీత ఎక్కువ పడితే ఖాళీ తీగ జరజరమంటుంది, ఇక నట్ మార్చడమే.

ఇప్పుడు నా ఫిర్యాదు. గిటార్ ఒక్కటే వాయించుకుంటే ఇది ఎప్పటికీ బయటపడదు. ఫోన్‌లో తంబురా యాప్ ఒకటిన్నరకు పెట్టి, మొదటి ఫ్రెట్‌లో కేపోతో సి ఆకారం మీటండి. ఆ ఆకారంలో సన్నతీగ వైపు నుంచి మూడో తీగ ఖాళీగా మోగుతుంది, అది పంచమం. తంబురా పంచమం పక్కన అది ఊగుతూ వినిపిస్తుంది, సుమారు సెకనుకొక ఊపు. ట్యూనర్ పెడితే మూడో తీగ, ఆరో తీగ ఏడెనిమిది సెంట్లు, ఒక్కోసారి పన్నెండు దాకా పైకి పోయి ఉంటాయి. అరస్వరానికి వంద సెంట్లు కాబట్టి ఇది చిన్నదే. కానీ గొంతు గిటార్‌ను పట్టుకుని నడుస్తుంది. అరగంట అలా పాడితే మనమూ తెలియకుండా పైకి జరుగుతాం. తర్వాత తంబురా ఒక్కటే పెట్టుకుని పాడితే అపశ్రుతి.

కారణం స్ప్రింగ్. దాని బలం మన చేతిలో ఉండదు. తీగ కమ్మీకి తగలడానికి కావలసినంత కాక, దానికి ఉన్నంత బలంతోనూ నొక్కుతుంది. తీగ సాగుతుంది, శ్రుతి పెరుగుతుంది. ఫ్రెట్లు ఎక్కేకొద్దీ మెడ లావవుతుంది, నోరు ఇంకా తెరుచుకుంటుంది, ఒత్తిడీ పెరుగుతుంది. పెట్టే తీరు దీనికి తోడవుతుంది. రెండు కమ్మీల నడిమధ్య బిగిస్తే తీగ చెక్క వైపు ఎక్కువ వంగుతుంది. సరైన చోటు కమ్మీ వెనకాలే, తల వైపు, దాదాపు ఆనుకుని. కమ్మీ మీదికే ఎక్కితే మోత చచ్చిపోతుంది. పిడి టక్కున వదిలితే తీగలు ఒక పక్కకు లాక్కుపోతాయి. అందుకని రబ్బరును తీగల మీద తిన్నగా ఆనించి, పిడి మెల్లగా వదలాలి. ఇన్ని చేశాక నాకు తేడా మూడు నాలుగు సెంట్లకు దిగింది. అంతకన్నా దిగలేదు.

ముందు కేపో లేకుండా శ్రుతి చేసి, తర్వాత బిగించి, మళ్లీ చూసుకోవడం మంచిది. ఐదు సెంట్లు దాటితే తల దగ్గరి శ్రుతి కీలు తిప్పకుండా, తీసి మళ్లీ పెట్టాలి. కేపో తీసేశాక శ్రుతి చెదిరితే తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోందని అర్థం. పెన్సిల్ ములుకు ఆ గాళ్లలో రుద్దితే సరిపోతుంది.

రెండో ఏడాది చివర్లో ఒకటి రెండు తీగలు జరజరమనడం మొదలైంది. తీగలు మార్చినా అంతే. కేపో తీస్తే లేదు, పెడితే ఉంది. కేపో మీద బొటనవేలితో గట్టిగా అదిమితే ఆగింది. రబ్బరును వెలుగుకు అడ్డంగా పెట్టి చూస్తే ఆరు గీతలు. సన్నతీగల కింద గీతలు లోతుగా దిగిపోయాయి, తీగ ఆ కాలవలో కూర్చుని నొక్కుడు తప్పించుకుంటోంది. రాత్రంతా మొదటి ఫ్రెట్‌కే బిగించి వదిలేయడం వల్ల వచ్చిన తంటా ఇది. నా దాంట్లో రబ్బరు తొడుగు జారేది కాబట్టి తీసి తిప్పి తొడిగాను, సమస్య పోయింది. అంటించిన రబ్బరైతే రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు జరిపి పెట్టి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. వాయించడం అయిపోగానే తీసి తలకు తగిలించడం ఇప్పుడు అలవాటు.

మళ్లీ కొంటానా అంటే, పాట మధ్యలో ఒంటిచేత్తో మార్చుకోవలసినవాళ్లకు స్ప్రింగ్ రకమే సుఖం. ఇంట్లో తంబురా పక్కన పెట్టుకుని పాడేవాళ్లు మర తిప్పి బిగించేది చూసుకోవాలి. జరజర ఆగేంతవరకే తిప్పి ఆపొచ్చు, శ్రుతి దాదాపు చెదరదు, కాకపోతే పెట్టడానికి రెండు చేతులూ కావాలి. నా గొంతు ఒకటిన్నర కాబట్టి ఏడాదిలో ఎక్కువ రోజులు మొదటి ఫ్రెట్ దాటను, ఈ లోపాలు నాకు తక్కువగా తగులుతాయి. ఐదో ఫ్రెట్ దగ్గర పాడేవాళ్ల అనుభవం ఇంకా ఘాటుగా ఉండొచ్చు. నైలాన్ తీగల గిటార్ అయితే ఇది అసలే వద్దు. దాని మెడ నట్ దగ్గరే సుమారు 52 మిల్లీమీటర్లు, పైగా బల్లపరుపు. స్టీలు గిటార్ వంపుకు చేసిన కేపో అక్కడ నడిమి తీగలను సరిగ్గా నొక్కదు.