చెక్క లేన్ల మీద మూడు సీజన్లు

చెక్క లేన్ల మీద బౌలింగ్ ఆడిన మొదటి రోజు రాత్రి, మూడో గేమ్‌లో నా స్కోరు 118. అంతకుముందు నాలుగేళ్లు సింథటిక్ లేన్ల మీద ఆడి 180 దాకా సగటు తెచ్చుకున్నవాణ్ణి. ఇంటికి వెళ్లేటప్పుడు కారులో బంతి బ్యాగు వైపు చూడబుద్ధి కాలేదు.

ఉద్యోగం మారి విస్కాన్సిన్‌లో ఒక చిన్న ఊరికి వచ్చాను. దగ్గర్లో ఉన్న బౌలింగ్ సెంటర్ అదొక్కటే. పన్నెండు లేన్లు, అన్నీ అసలు చెక్కవి. మంగళవారం లీగ్, సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా, రాత్రికి మూడు గేమ్‌లు. మూడు సీజన్లు అయ్యాయి కాబట్టి ఇప్పుడు రాస్తే న్యాయంగా ఉంటుంది. మొదటి నెలలో రాసి ఉంటే తిట్లు తప్ప ఏమీ ఉండేవి కావు.

లేన్లన్నీ చెక్కవే కదా అని హైదరాబాద్‌లో మాల్‌కి వెళ్లే రోజుల్లో నేనూ అనుకున్నాను. సింథటిక్ లేన్ మీద కనిపించేది చెక్కలా అచ్చు వేసిన డిజైను మాత్రమే. మన వంటింటి అల్మరాలకు అంటించే సన్‌మైకా జాతి షీటే అది, కాకపోతే ఇంకా మందం, ఇంకా గట్టి. అసలు చెక్క లేన్ అంటే అంగుళం కంటే కొంచెం ఎక్కువ వెడల్పున్న పట్టీలను పక్కపక్కన నిలబెట్టి మేకులతో బిగించింది. వీటినే బోర్డులు అంటారు, అడ్డంగా లెక్కపెడితే 39. ఫౌల్ లైన్ (ఆడేవాడి కాలు దాటకూడని గీత) దాటాక సుమారు 15 అడుగులు మేపుల్, తర్వాత మెత్తని పైన్, పిన్నుల కింద మళ్లీ మేపుల్. బంతి వచ్చి పడేచోటా పిన్నులు ఎగిరిపడేచోటా గట్టి చెక్క వేశారు. మధ్యలో దొర్లడమే కాబట్టి మెత్తనిది చాలు.

నా కష్టాలన్నీ ఆ మొదటి 15 అడుగుల్లోనే మొదలయ్యాయి. దాన్నే హెడ్స్ అంటారు. సింథటిక్ మీద నా రియాక్టివ్ బంతి, అంటే లేన్‌ని బాగా పట్టుకుని తిరిగే రకం, లేన్‌కి పూసిన నూనె మీద హాయిగా జారుకుంటూ వెళ్లి చివర్లో ఒక్కసారిగా తిరిగేది. ఇక్కడ చెయ్యి వదిలిన కాసేపటికే తిరగడం మొదలు. కొన్నిసార్లు ముందు పిన్ను ముక్కు దాటి ఎడమవైపుకు, అంటే బ్రూక్లిన్‌కి పోయేది. ఇంకొన్నిసార్లు సరిగ్గా పాకెట్‌కే, అంటే ముందు పిన్నుకీ దాని కుడి పక్క పిన్నుకీ మధ్యకే వెళ్లినా దమ్ము లేకుండా తగిలి 5వ పిన్నును నిలబెట్టి వెళ్లేది. చెక్క మీద రాపిడి ఎక్కువ. వేసిన నూనె హెడ్స్‌లో తొందరగా పోతుంది, బంతి తన బలమంతా అక్కడే ఖర్చు పెట్టేస్తుంది. అసలు ఇలాంటి లేన్లు వేసిన కాలంలో రబ్బరు బంతులు, తర్వాత ప్లాస్టిక్ బంతులు. రియాక్టివ్ బంతులు వచ్చింది 1990ల మొదట్లో. ఆ చెక్కకి నా బంతితో పరిచయమే లేదన్నమాట.

హెడ్స్ దాటించేస్తే సరిపోతుంది కదా అని బంతిని కొంచెం గాల్లోకి విసిరి చూశాను. రెండో బంతికే యజమాని కౌంటర్ వెనక నుంచి నడుచుకుంటూ వచ్చాడు. డెబ్బై దాటిన పెద్దాయన. "నీ ఇంటి నేల మీద కూడా ఇలాగే పడేస్తావా?" అన్నాడు. నిజమే, మేపుల్ అయినా గుంటలు పడుతుంది. తర్వాత ఆయనే చెప్పాడు, బంతిని చేతిలో ఇంకాస్త ఎత్తుగా పట్టుకుని మొదలుపెడితే వేగం దానంతట అదే వస్తుందని. ఆ ఒక్క మార్పుతోనే స్కోరులో పది పిన్నులు పెరిగాయి.

మిగతాది బంతి మార్చడం. మెరుగు బాగా పెట్టిన, పెద్దగా తిరగని పాత బంతి ఒకటి అటక మీద పడి ఉంది. కొత్తదాని ధరలో మూడో వంతు కూడా చేయదు. చెక్క మీద అదే రాజు. దాంతో పాటు కాళ్లు రెండు బోర్డులు ఎడమకి, చూపు ఒక బోర్డు ఎడమకి జరిపాను. సింథటిక్ మీద ఇలా జరపడం మూడో గేమ్‌లో చేసే పని. ఇక్కడ ఒక్కోసారి మొదటి గేమ్ మూడో ఫ్రేమ్‌లోనే, అంటే మూడో వంతులోనే చేయాలి.

స్పేర్ల సంగతి, అంటే మొదటి బంతికి మిగిలిన పిన్నులను రెండో బంతితో పడగొట్టడం, వేరే ఏడుపు. కుడి మూలలోని 10వ పిన్నుకి ప్లాస్టిక్ బంతిని నేరుగా వేస్తే చాలని అందరికీ తెలిసిందే. హెడ్స్ ఆరిపోయిన రాత్రి ఆ ప్లాస్టిక్ బంతి కూడా తిరిగింది! మణికట్టు తిప్పకుండా, అరచేయి బంతి వెనకే ఉంచి వదలడం నేర్చుకోవడానికి ఒక సీజన్ పట్టింది.

ఇక నాకు బాగా నచ్చింది, ఎవరూ ముందుగా చెప్పనిది ఒకటుంది. ఏళ్ల తరబడి అందరూ లేన్ మీద గురి కోసం ఉండే బాణం గుర్తుల్లో కుడి నుంచి రెండోదాని మీదుగానే వేయడం వల్ల అక్కడ చెక్క కొద్దిగా అరిగిపోయింది. మట్టి రోడ్డు మీద ఎద్దుబండి చక్రాల జాడ పడినట్టే. నియమం ప్రకారం లేన్ మీద ఎత్తుపల్లాలు 0.040 అంగుళం, అంటే సుమారు ఒక మిల్లీమీటరు మించకూడదు. ఆ కాస్తలోనే బంతికి దారి దొరుకుతుంది. మొదట్లో ఆ జాడను తప్పించుకుని తెలివిగా లేన్ మధ్య వైపు నుంచి ఆడబోయాను. తప్పు. వేగం సరిపోతే జాడే బంతిని పాకెట్‌కి తీసుకెళ్తుంది. మా జట్టులోని అరవై ఏళ్లవాళ్లు పెద్ద ఆర్భాటం లేకుండా 200 కొట్టే రహస్యం అదే.

కాకపోతే ఏ రెండు లేన్ల జాడా ఒకేలా ఉండదు. 7వ లేన్ మీద బాగా తిరిగే బంతి పక్కనున్న 8వ లేన్ మీద మొండికేస్తుంది. అందుకే జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను, లేన్‌కో పేజీ. ఇంట్లో దాన్ని చూసి పాలవాడి పద్దు పుస్తకం అని ఎగతాళి చేస్తారు.

నచ్చనిది అప్రోచ్, అంటే బంతి వేసే ముందు మనం నడిచే నేల. అదీ చెక్కే కదా. వానాకాలంలో మన తలుపులు ఉబ్బి పట్టేసినట్టు, ఉక్కపోత రోజుల్లో ఇక్కడ బూటు పట్టేస్తుంది. మొదటి సీజన్ సెప్టెంబరులో ఎడమ కాలు జారక ఆగిపోయి, బంతి లేన్ పక్కనుండే గట్టర్‌లోకి, నేను మోకాలి మీదకి. వారం రోజులు కుంటాను. అట్ట (సోల్) మార్చుకునే వీలున్న బూట్లు కొనడం ఈ మూడేళ్లలో నేను పెట్టిన అతి మంచి ఖర్చు. చలికాలంలో ఇంకో టెన్షన్: ఎవరి బూట్ల మంచో కరిగి చుక్క పడితే చాలు. ఆడే ముందు కాలు ఒకసారి జార్చి చూసుకోకుండా ఇప్పుడు బంతి ఎత్తను.

మిల్వాకీలో హోలర్ హౌస్ అనే బార్ నేలమాళిగలో 1908 నాటి రెండు లేన్లు ఉన్నాయి. పిన్నులు మనుషులే నిలబెట్టేవారు. దానితో పోలిస్తే మాది ఆధునికమే!

నా సగటు మొదటి సీజన్‌లో 161, ఇప్పుడు 178. నెలకోసారి పక్క పట్టణంలో సింథటిక్ మీద ఆడితే 190 దాటుతోంది. వారానికోసారి సరదాగా ఆడేవాళ్లకి చెక్క లేన్ల కోసం వెతుక్కుంటూ వెళ్లమని చెప్పను. లీగ్ ఆడేవాళ్లయితే ఒక్క సీజన్ ఆడి చూడండి, మొదటి పది వారాల స్కోర్లు మాత్రం ఎవరికీ చూపించకండి.

ఈ వేసవిలో పెద్దాయన లేన్లన్నీ శాండ్ చేయించి కొత్త పూత వేయిస్తున్నాడు. చెక్క పలచబడి మేకులు బయటపడేదాకానే అలా చేయించగలరట. పాత జాడలన్నీ పోతాయి. నోట్‌బుక్‌లో పన్నెండు పేజీలూ చింపేశాను.