బొమ్మకు పటం ఎక్కడ కట్టించాలి: ఊళ్లో కొట్టా, చెన్నై ప్యారిసా, ఇంటికొచ్చే పార్సిలా?

రంగనాయకుల గుడి గాలిగోపురాన్ని పెన్నా అవతలి ఒడ్డు నుంచి చూసి వేసిన నీటిరంగుల బొమ్మ ఒకటి అక్టోబరు నుంచి నా బల్ల సొరుగులో ఉంది. దాని కొలత 11×15 అంగుళాలు, అంటే 22×30 అంగుళాల పూర్తి కాగితాన్ని నాలుగు సమభాగాలు చేస్తే వచ్చే ముక్క. దానికి పటం కట్టించాలంటే నెల్లూరులో ఉన్నవాడికి మూడు దారులు కనిపిస్తాయి. ట్రంకు రోడ్డు వెనక సందులో రంగులు, కాగితాలు అమ్ముతూ పటాలు కూడా కట్టే చిన్న కొట్టు ఒకటి. సుమారు 175 కిలోమీటర్ల దూరంలో చెన్నై ప్యారిస్ కార్నర్ చుట్టుపక్కల వీధులు రెండవది. ఫోనులో నొక్కితే నాలుగు రోజుల్లో గుమ్మంలో దిగే పార్సిలు మూడవది. మూడింటినీ వాడాను, మూడింటిలోనూ ఎంతో కొంత డబ్బు పోగొట్టుకున్నాను, కాబట్టి ఏది దేనికి మేలో చెప్పే అర్హత కొంత వచ్చిందనే అనుకుంటున్నాను.

ముందుగా పార్సిలు పటాల సంగతి తేల్చేయవచ్చు, అందులో ఆలోచించవలసింది తక్కువ. ఆన్‌లైనులో దొరికే తయారు పటాలు ఎక్కువగా ఏ4, ఏ3 కొలతల్లో ఉంటాయి. ఏ4 అంటే దాదాపు 8.3×11.7 అంగుళాలు, ఏ3 అంటే 11.7×16.5 అంగుళాలు. నా బొమ్మ మొదటిదానిలో పట్టదు. రెండవదానిలో పెడితే పొడవులో ఒకటిన్నర అంగుళం, వెడల్పులో ముప్పావు అంగుళం ఖాళీ మిగిలి, అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా కనిపిస్తుంది. పైగా దారిలో పగలకుండా ఉండడానికి చాలా పటాలలో అద్దానికి బదులు పల్చని యాక్రిలిక్ రేకు పెడతారు. పొడి గుడ్డతో పదిసార్లు తుడిస్తే దాని మీద గీతలు తేలతాయి. అచ్చు వేయించిన బొమ్మకో, పిల్లల సర్టిఫికెట్టుకో అది చక్కగా సరిపోతుంది గాని, చేతితో వేసిన బొమ్మకు నేను దానిని కొనను.

కొట్టులో లెక్క వేరు. బొమ్మ చుట్టూ అంచులా కనిపించేలా మధ్యలో కిటికీ కోసి పెట్టే మౌంటు అట్టను రెండేసి అంగుళాలు వదిలితే పటం లోపలి కొలత 15×19 అవుతుంది. నాలుగు వైపులూ కలిపితే 68 అంగుళాలు. చట్రానికి వాడే పట్టీ అంగుళం వెడల్పు ఉంటే, మూలలను 45 డిగ్రీల కోణంలో కోసినప్పుడు పట్టీ వెడల్పుకు ఎనిమిది రెట్లు, అంటే ఇంకో 8 అంగుళాలు అదనంగా పడతాయి. మొత్తం 76 అంగుళాలు, అంటే ఆరడుగుల నాలుగంగుళాలు. అడుగుకు ఇంత అని చెప్పే ధర ఈ మొత్తం మీద పడుతుంది గనుక, అద్దం, మౌంటు, వెనక అట్ట, కూలి అందులో కలిసి ఉన్నాయో విడిగా ఉన్నాయో ముందే అడిగి తెలుసుకోవాలి. ఈ లెక్క తెలియక, పక్కింటి వారి పటం కన్నా తనది ఎందుకు ఎక్కువైందని కొట్లో గొడవపడేవారిని చూశాను; అవతలివారు మూడంగుళాల పట్టీ ఎంచుకుంటే మూలల్లోనే రెండడుగులు పోతుందన్న సంగతి ఎవరికీ తట్టదు. పట్టీ సుమారు పదడుగుల కడ్డీగా వస్తుంది. నా పటానికి పోగా మిగిలే 44 అంగుళాల ముక్క ఏ4 పటానికి కూడా చాలదు, 5×7 బొమ్మకు మాత్రం సరిపోతుంది. ఈ ముక్కల సంగతికి మళ్లీ వస్తాను.

నెల్లూరు, ఒంగోలు వంటి తీరప్రాంతపు ఊళ్లలో పటం కట్టడమంటే నాలుగు కర్రలు బిగించడంతో తీరే పని కాదు. ఇక్కడి గాలిలో చెమ్మ ఏడాది పొడవునా ఉంటుంది, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలంలో గోడలే తడుస్తాయి. కాగితం చెమ్మ పీల్చినప్పుడు సాగుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. అందుచేత బొమ్మను పై అంచున మాత్రమే రెండు చిన్న కాగితపు పట్టీలతో, గోధుమపిండి గంజితో అతికించి, మిగిలిన మూడు వైపులా వదిలేయాలి. అప్పుడు కాగితానికి మెసలడానికి చోటు ఉంటుంది, అవసరమైతే గంజిని తడిపి బొమ్మను మళ్లీ విడదీసుకోవచ్చు. మౌంటు అట్ట అందానికి పెట్టేదని చాలామంది అనుకుంటారు గాని, దాని అసలు పని అద్దానికీ బొమ్మకూ మధ్య సందు ఉంచడం. అద్దానికి ఆనుకున్న కాగితం మీద చెమ్మ నిలిచి బూజు మచ్చలు పడతాయి, రంగు అద్దానికి అంటుకుంటుంది. ఆ అట్ట ఆమ్లం లేనిదై ఉండాలి, లేకపోతే కొన్నేళ్లలో కోసిన అంచు పసుపు తిరిగి, ఆ పసుపు బొమ్మలోకి దిగుతుంది. సెల్లోటేపుతో అంటించిన బొమ్మల మీద కనిపించే గోధుమరంగు చారలు కూడా అటువంటివే, అవి ఒక పట్టాన పోవు.

ఇవన్నీ నేను నష్టపోయాక నేర్చుకున్నవి. కొన్నేళ్ల కిందట, ఇదే ఊళ్లో ఇంకో చోట, మైపాడు రేవులో పడవలు వేసిన బొమ్మ ఒకటి పటం కోసం ఇచ్చాను. అతను దానిని ఫొటో అనుకున్నాడో, అన్నిటికీ అదే పద్ధతో గాని, చెక్కపొడిని నొక్కి చేసే ఎండీఎఫ్ చెక్క మీద ఫెవికాలు పూసి బొమ్మను పూర్తిగా అతికించి, పైన మెరిసే లామినేషను పొర వేసి, "నీళ్లు పడినా చెక్కు చెదరదు సార్" అని గర్వంగా చేతిలో పెట్టాడు. ఆ ఏటి వానలకే చెక్క అంచులు ఉబ్బాయి, ఆకాశం మీద ఉలవగింజలంత బుడగలు లేచాయి. దానిని చెక్క నుంచి ఊడదీసే దారి లేదు. పెళ్లి ఫొటోలకూ, దేవుడి పటాలకూ ఆ పద్ధతి చెల్లుతుంది, ఎందుకంటే అవి పాడైతే ఇంకొకటి అచ్చు వేయించుకోవచ్చు. కాబట్టి "ఊళ్లో కొట్టు" అని ఒకే గాటన కట్టడం సరికాదు. ఫొటోల లామినేషను మీద బతికే కొట్టు వేరు, బొమ్మలు వేసేవారు రోజూ వచ్చిపోయే కొట్టు వేరు. నా మొగ్గు రెండవదాని వైపు మాత్రమే.

ఇక రంగులు, కాగితాల విషయానికి వస్తే త్రాసు అవతలికి ఒరుగుతుంది. నీటిరంగుల కాగితానికి రంగు వెంటనే ఇంకిపోకుండా ఒక పూత ఉంటుంది. చెమ్మలో ఎక్కువ కాలం నిలవ ఉంటే ఆ పూత దెబ్బతిని, కుంచె ఆనగానే రంగు అద్దుడు కాగితంలో సిరాలా అక్కడక్కడ చుక్కలు చుక్కలుగా లోపలికి పోతుంది. మా కొట్టులో చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే నూలు కాగితం ఏడాదికి పాతిక షీట్లు పోతే గొప్ప. అది రెండు వానాకాలాలు అలమారలో చూసి ఉండవచ్చు. సరుకు వేగంగా కదిలే చోట కొన్న కాగితానికి ఈ గండం తక్కువ. ట్యూబు రంగులదీ అదే కథ: విద్యార్థుల రకం ఊళ్లోనే దొరుకుతుంది గాని, పై రకం రంగులు తెప్పించి ఉంచితే గట్టిపడిపోతాయని కొట్టు ఆయనే భయపడతాడు. ఆన్‌లైనులో కొనేటప్పుడు పేరు చూసి మోసపోకుండా ట్యూబు మీద ఉన్న వర్ణకం (పిగ్మెంటు) సంఖ్య చూడాలి. పీబీ29 అంటే అల్ట్రామెరీన్ నీలం, ఎండకు నిలుస్తుంది. పీఆర్83 అంటే అసలు అలిజరిన్ ఎరుపు, పల్చగా వేస్తే వెలుతురుకు వెలిసిపోతుంది. ఈ రెండు సంఖ్యలు తెలియక నేను వేసిన మందారాలు కొన్ని ఇప్పుడు తెల్లమందారాలకు దగ్గరగా ఉన్నాయి.

ఒక చిన్న సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ముత్యపు మెరుపు అని ఎక్కువ ధరకు అమ్మే రంగులలో మెరిసేది ఎక్కువగా అభ్రకం పొడి, దాని మీద టైటానియం డయాక్సైడు పూత. అభ్రకపు గనులకు పేరుపడిన గూడూరు మనకు కూతవేటు దూరంలో ఉండగా, ఆ మెరుపు ట్యూబు కోసం మనం పార్సిలుకు ఎదురుచూస్తున్నాము.

చెన్నైకి వెళ్లడం ఎప్పుడు మేలంటే, పది పన్నెండు పటాలు ఒకేసారి కట్టించవలసి వచ్చినప్పుడు. ప్యారిస్ వీధుల్లో పట్టీల రకాలు చూస్తే కళ్లు చెదురుతాయి, ధర కూడా ఊళ్లో కన్నా తగ్గుతుంది, తంజావూరు బొమ్మకు కావలసిన బరువైన చెట్టినాడు తరహా టేకు చట్రం వంటివి అక్కడే బాగా కుదురుతాయి. అయితే పొద్దున పినాకిని రైల్లో వెళ్లి ఇచ్చిన పటాలు సాయంత్రానికి చేతికి రావు, వాటికోసం ఇంకో రోజు మళ్లీ వెళ్లాలి. అద్దాలతో సహా వాటిని జనరల్ బోగీలో తెచ్చుకోవడం ఒకసారి చేశాను, రెండు పటాలు గూడూరు దాటక ముందే పగిలాయి. అప్పటి నుంచి నేను చూసుకున్న మధ్యేమార్గం ఏమిటంటే, నచ్చిన పట్టీలను అక్కడ కడ్డీలుగానే కొని తెచ్చి, కోత, అద్దం, బిగింపు ఇక్కడ చేయించుకోవడం. ఇలా చేస్తే మా కొట్టు ఆయన కూలి మాత్రమే తీసుకుంటాడు, ముఖం మాత్రం కొంచెం ముడుచుకుంటాడు, అది న్యాయమే. ఒంగోలు వారికి చెన్నై దాదాపు 300 కిలోమీటర్లు గనుక ఈ దారి గురించి ఆలోచించవలసిన పనే లేదు.

ధరల పట్టికలో కనిపించని పద్దు ఒకటి ఉంది, నా తీర్పు దాని మీదే ఎక్కువ ఆధారపడింది. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు కూర్చునే పిల్లలకు మా కొట్టులో ఒక్క షీటు, ఒక్క పెన్సిలు విడిగా దొరుకుతాయి. ఆన్‌లైనులో పది షీట్ల కట్ట కొనక తప్పదు. డ్రాయింగు మాస్టర్లకు ఖాతా పుస్తకం ఉంది, జీతం వచ్చాక ఇస్తారు. నేను చెప్పిన ఆ 44 అంగుళాల ముక్కలు కొట్టు మూలన ఒక డబ్బాలో నిలబెట్టి ఉంటాయి; సెలవుల్లో బొమ్మలు నేర్చుకునే పిల్లలు తెచ్చిన 5×7 కాగితాలకు వాటితోనే, అద్దం ఖర్చు మాత్రం తీసుకుని, పటాలు కట్టి ఇస్తాడు. ఇక కొట్టు ఎడమ గోడ ఊరి చిత్రకారులది. శ్రీనివాసుడి పటానికీ సాయిబాబా పటానికీ నడుమ మా బొమ్మలు వేలాడుతుంటాయి, అమ్ముడైతే నాలుగో వంతు ఆయనకు. తల్లిదండ్రుల ఫొటోకు పటం కట్టించడానికి వచ్చినవారు ఆ గోడ ముందు ఆగుతారు. గ్యాలరీకి ఎన్నడూ వెళ్లని మనుషులు వారు. మూడేళ్లలో నావి రెండే బొమ్మలు పోయాయి, కాబట్టి ఇది జీవనాధారమని ఎవరినీ నమ్మించను; కాని ఆ రెంటిలో ఒకటి కావలిలో ఒక టిఫిను హోటల్లో గల్లాపెట్టె పైన ఉందని తెలిసిన రోజు నాకు బాగా గుర్తుంది.

అందుచేత నేను కాగితం, పై రకం రంగులు బయట కొంటాను. కుంచెలు మొన చూసి, చేతితో తడిమి ఊళ్లోనే కొంటాను. విడి షీట్లు, పెన్సిళ్లు, రబ్బర్లు నాలుగు రూపాయలు ఎక్కువైనా కొట్టులోనే తీసుకుంటాను, ఎందుకంటే పటాల పని ఒక్కదాని మీదే ఆ అద్దె గిట్టదు. పటం మాత్రం ఎప్పుడూ అక్కడే కట్టిస్తాను.

గాలిగోపురం బొమ్మ తీసుకుని అక్టోబరు చివర వెళ్లినప్పుడు ఆయన కాగితం అంచును రెండు వేళ్ల మధ్య రుద్ది చూసి, తిరిగి నా చేతికిచ్చాడు.

"ఇప్పుడు కట్టొద్దు సార్. కాగితం చెమ్మ తాగి ఉంది. ఇట్టనే మూస్తే అది లోపలే ఉండిపోయి బూజు పడతది. సంక్రాంతి పోనీండి."

బేరం వచ్చిన రోజు వద్దని పంపించాడు. పండగ మొన్ననే వెళ్లింది, నాలుగు రోజులుగా ఎండ బాగా కాస్తోంది. రేపు పొద్దున తీసుకెళ్లి అంగుళం వెడల్పు నల్ల పట్టీ చూడాలి.