నాకు నేనే పంపుకునే మెసేజ్‌లు: వాట్సాప్, టెలిగ్రామ్, ఎక్స్‌లలో నాకు పనికొచ్చినవి

పనుల జాబితా కోసం నేను వేరే యాప్ ఏదీ పెట్టుకోలేదు. వాట్సాప్‌లో నా నంబరుకే నేను పంపుకుంటాను. 2022 నవంబరులో 'మెసేజ్ యువర్‌సెల్ఫ్' వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. అంతకుముందు చాలామందిలాగే నేనూ ఒక గ్రూపు పెట్టి, చెల్లెల్ని చేర్చి, వెంటనే తీసేసి, అందులో ఒక్కదాన్నే మిగిలాను. మా ఆఫీసులో విజయవాడ అమ్మాయి అడిగింది, "అక్కా, ఫోన్లో నోట్స్ యాప్ ఉంది కదా, ఇదేం పని?" అని. ఉంది. కానీ నేను రోజంతా తెరిచేది వాట్సాప్. తెరవని యాప్‌లో ఎంత పద్ధతిగా రాసుకున్నా ఎవరు చూస్తారు?

ఇప్పుడా చాట్ తెరిస్తే వరసగా ఇవి ఉన్నాయి: 'గ్యాస్ బుక్ చేయాలి', 'నాన్న బీపీ మాత్రలు రెండు స్ట్రిప్పులు', కరెంటు బిల్లు ఫోటో, హిందూపురం బస్సు టికెట్, 'టెస్ట్ సర్వర్ సంగతి మేనేజర్‌ని అడగాలి'. ఇల్లూ ఆఫీసూ అంతా కలగాపులగం. అందుకే చేయాల్సిన పనికి స్టార్ పెడతాను, అయిపోగానే తీసేస్తాను. స్టార్ పెట్టినవన్నీ ఒకచోట కనిపిస్తాయి కాబట్టి, మిగిలిన పనులేంటో వెతుక్కోనక్కర్లేదు. ఆ చాట్‌ని మాత్రం పైన పిన్ చేసుకోవాలి. లేదంటే గంటలో ఎక్కడికో కిందికి పోతుంది. విడిగా ఒక మెసేజ్‌ని కూడా 24 గంటలకో, 7 రోజులకో, 30 రోజులకో పిన్ చేసుకోవచ్చు. ఆ వారంలో కట్టాల్సిన స్కూలు ఫీజు లాంటి వాటికి అది బాగుంటుంది. ఇందులో మనకి మనం ఫోన్ చేసుకోలేం, మనల్ని మనం బ్లాక్ చేసుకోలేం. రెండోది ఒక్కోరోజు అవసరమే అనిపిస్తుంది.

ఇబ్బందులు లేకపోలేదు. పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల్లోపే మార్చుకోగలం. పొద్దున పంపుకున్న సరుకుల లిస్టులోంచి సాయంత్రం కందిపప్పు తీసేయాలంటే కాపీ చేసి మళ్లీ పంపుకోవాల్సిందే. ఇంకోటి వెతకడం. నేను ఇంటద్దెని ఒకసారి తెలుగులో రాస్తాను, ఇంకోసారి తొందరలో ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేస్తాను. ఒకదాని కోసం వెతికితే రెండోది దొరకదు. ఈమధ్య బిల్లులూ రసీదులన్నిటికీ తెలుగే అని పెట్టుకున్నాను. నడుస్తున్నప్పుడు కీబోర్డులో మైక్ నొక్కి తెలుగులో చెప్తే టైప్ అయిపోతుంది.

టైముకి గుర్తు చేయాల్సినవి టెలిగ్రామ్‌లోకి వెళ్తాయి. అక్కడ మనకి మనం పంపుకునే చాట్ పేరు సేవ్డ్ మెసేజెస్. అందులో పంపే బటన్ని నొక్కి పట్టుకుంటే రిమైండర్ పెట్టుకోవచ్చు. ఆ తేదీకి, ఆ టైముకి మనం రాసిందే మన ముందుకొస్తుంది. పాత ఫైళ్లు కూడా అక్కడే పెడతాను. ఒక్కో ఫైలు 2 జీబీ దాకా పడుతుంది, కొత్త ఫోన్లో లాగిన్ అయితే అన్నీ ఉంటాయి. వాట్సాప్‌కైతే బ్యాకప్ కావాలి. ఆండ్రాయిడ్‌లో ఆ బ్యాకప్ ఇప్పుడు గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోంచే పోతుంది. అలాగని టెలిగ్రామ్‌లో ఆధార్, పాన్ ఫోటోలు నేను పెట్టను. అక్కడి మామూలు చాట్‌లకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఇంకెవరూ చదవలేని తాళం, ఉండదు.

ఎక్స్‌ని, అంటే పాత ట్విట్టర్‌ని, మాత్రం ఒక్క లిస్టు కోసమే ఉంచుకున్నాను. మేముండేది బెంగళూరులో మారతహళ్లి, ఆఫీసు బెళ్లందూరు వైపు. 2022 సెప్టెంబరు వానలకు ఔటర్ రింగ్ రోడ్డు మునిగినప్పుడు చేసుకున్న లిస్టు అది. బెంగళూరు ట్రాఫిక్ పోలీసులు, కరెంటు సంస్థ బెస్కామ్, జలమండలి, నమ్మ మెట్రో ఖాతాలు ఉన్నాయి అందులో. లిస్టు తెరిస్తే వాళ్లు పెట్టినవే కనిపిస్తాయి, పైన కొత్తవి, కింద పాతవి. వాన పడిన రోజు బయల్దేరే ముందు ఒక నిమిషం చూస్తే చాలు. అదే హోమ్ పేజీ తెరిచామా, ఎవరో ఎవరితోనో పోట్లాడుకుంటుంటారు, మనం నిలబడి చూస్తూ ఉండిపోతాం. నా లెక్కలో తేడా అంతా ఇక్కడే ఉంది. నేను వెతుక్కుంటూ వెళ్లినంతసేపూ పని జరుగుతుంది, దానంతటది ముందుకొచ్చి పడేదాంతోనే టైము పోతుంది. ఇన్‌స్టాగ్రామ్ ఎందుకూ పనికిరాలేదు. సేవ్ చేసుకున్న వంటల రీళ్లన్నీ అలాగే పడి ఉన్నాయి.

అపార్ట్‌మెంట్ గ్రూపు గురించి ఒక మాట. 2024 మార్చిలో నీళ్లకు కటకటలాడినప్పుడు, తాగేనీళ్లతో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్న రోజుల్లో, ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఆ గ్రూపులోనే తెలిసేది. ఇప్పుడు గుడ్ మార్నింగ్ పూలు, పార్కింగ్ గొడవలు. ఆర్కైవ్‌లో పెట్టాను. కొత్త మెసేజ్ వచ్చినా అది పైకి రాదు. వారానికోసారి నీళ్లు, లిఫ్టు అని వెతికి చూసుకుంటాను.

ఇద్దరు కలిసి చేసే పనులకు మాత్రం నాకు నేను పంపుకునే చాట్ పనికిరాదు. దానికి మా ఆయనకీ నాకూ 'సరుకులు' అని వేరే గ్రూపు ఉంది. ఏది ఎవరు కొంటే వాళ్లు దానికి థంబ్స్ అప్ పెట్టాలని రూలు. మా ఆయన కొట్టుకు బయల్దేరకముందే అన్నిటికీ పెట్టేస్తారు.