మిర్చి కోతకు వలస వెళ్లే కూలీకి ఏ చట్టం మేలు?

కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు, పల్నాడు మిర్చి చేలకు సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, వెళ్లే కుటుంబాలకు రక్షణ ఏదని అడిగితే, చాలామంది 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం పేరే చెబుతారు. కర్నూలు కూలీకి అది ఏనాడూ వర్తించలేదు. రాష్ట్ర సరిహద్దు దాటితేనే దాని లెక్కలో వలస. పాలమూరు నుంచి గుంటూరు వచ్చే ముఠా మాత్రం 2014 జూన్ 2న ఉన్నట్టుండి అంతర్రాష్ట్ర ముఠా అయింది. దారీ మారలేదు, ముఠాను కుదిర్చి తెచ్చే మేస్త్రీ మారలేదు.

2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఆ చట్టం వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. మేస్త్రీ లేకుండా సొంతంగా వచ్చినవారినీ ఇప్పుడు వలస కార్మికులుగా గుర్తిస్తారు, అది మేలే. కానీ చట్టం వర్తించడానికి అయిదుగురు వలస కార్మికులుంటే చాలన్న హద్దు పదికి పెరిగింది. ఊరు విడిచి వచ్చినందుకు కనీసం నెల కూలీలో సగం వచ్చే స్థానభ్రంశ భత్యం పోయి, ప్రయాణ ఖర్చు మిగిలింది. పైగా వారానికో చేను మారే ముఠాలో ఆ పదిమందిని ఎవరి కింద లెక్కించాలి? రైతు కిందా, మేస్త్రీ కిందా? చిన్న కమతాల దగ్గర ఈ చట్టం అక్కడే ఆగిపోతుంది.

నా ఓటు ఆ నాలుగు కోడ్‌లలో ఒకటైన 2019 వేతన కోడ్‌కు. ఏ ఊరి నుంచి వచ్చావు, ఎంతమంది ఉన్నారు అని అది అడగదు. రోజు కనీస వేతనం మాత్రమే నిర్ణయించి కిలో రేటు నిర్ణయించని పనిలో, కిలో లెక్కన ఇచ్చినా ఆ రోజు వేతనానికి తగ్గకూడదు. కాయ పలచబడిన చివరి కోతల్లో కూలీ పడిపోయేది సరిగ్గా ఇక్కడే. పాత కనీస వేతనాల చట్టంలో ఆరు నెలలే ఉన్న బకాయి అర్జీ గడువు మూడేళ్లయింది. పంట సొమ్ము వచ్చాక ఇస్తామని తిప్పించుకునే చోట ఇది చిన్న సంగతి కాదు. కూలీ చెల్లించామని రుజువు చేసుకోవాల్సింది యజమానే. బకాయికి పదింతల దాకా పరిహారం వేయవచ్చు. ఊరికి తిరిగి వెళ్లినవారి తరఫున, వారు సభ్యులైన యూనియన్ అర్జీ పెట్టవచ్చు. అయినా ఏ రోజు ఎన్ని కిలోలు కోశారో సొంత పుస్తకంలో రాసుకోకపోతే, బకాయి ఎంతన్న దగ్గరే వాదన చిక్కుకుంటుంది.

అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వకపోతే మాత్రం వేతన కోడ్ చాలదు. అప్పుడు 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టమే దిక్కు. కలెక్టరు విడిపించగలరు, వెట్టి అప్పు చట్టం దృష్టిలో రద్దవుతుంది, అది వెట్టి అప్పు కాదని రుజువు చేయాల్సింది అప్పిచ్చినవాడే. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం కూడా బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. ఇంత పదునైన చట్టాన్ని కూలీలు ముట్టుకోరు. అడ్వాన్సు ఇచ్చిన మేస్త్రీ తరచూ సొంత ఊరివాడు, చుట్టం కూడా. వచ్చే సుగ్గికి మళ్లీ అతని దగ్గరికే వెళ్లాలి.