ఇంజన్ ఆయిల్ మార్పు: షోరూమ్ సర్వీసా, బయటి మెకానిక్కా?

ఖర్చు: 1.2 లీటర్ పెట్రోల్ కారుకి ఫిల్టర్‌తో కలిపి సుమారు మూడు, మూడున్నర లీటర్ల ఆయిల్ చాలు. షోరూమ్‌లో బిల్లు పెంచేది ఆయిల్ కాదు, లేబర్, దానిపై 18 శాతం జీఎస్టీ, అడగకుండా కలిపే ఇంజన్ ఫ్లష్ (ఇంజన్ లోపలి మురికి కడగడం), ఏసీ క్లీనింగ్. జాబ్ కార్డ్ (చేయబోయే పనుల పత్రం) మీద సంతకానికి ముందే ఈ చివరి రెండింటినీ కొట్టేయించండి. బయట లేబర్ తక్కువ.

ఆయిల్: షోరూమ్‌లో గ్రేడ్ సరైనదే పడుతుంది, కానీ డ్రమ్ము నుంచి పోస్తారు, ఎన్ని లీటర్లు పట్టిందో బిల్లులో చూసుకోవాలి. బయటైతే సీల్ డబ్బా, కంపెనీ ఫిల్టర్ మీరే కొని ఇవ్వొచ్చు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్-6 డీజిల్ కారుకి మాన్యువల్‌లో రాసిన, తక్కువ బూడిద మిగిల్చే ఆయిలే పోయాలి, లేకపోతే ఆ ఫిల్టర్ త్వరగా పూడుకుపోతుంది.

పని: రెండు చోట్లా తప్పు ఒకటే: పాత వాషర్‌తోనే డ్రెయిన్ బోల్ట్ (పాత ఆయిల్ వదలడానికి విప్పేది) బిగించడం, లేదా మరీ గట్టిగా బిగించి మర పాడుచేయడం. కొత్త వాషర్ వేయించండి. ఇంజన్ కాసేపు నడిపి, ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్‌తో ఆయిల్ మట్టం చూడండి.

వారంటీ ఉన్నంతకాలం షోరూమే మేలు, రికార్డు ఉంటుంది. అది ముగిసిన పెట్రోల్ కారుకి, దగ్గరుండి చూసుకోగలిగితే, నమ్మకమైన మెకానిక్ చాలు.