మనిషికొక రింగ్‌టోన్: రొయ్యల రైతు వాడి చూసిన లెక్క

కెమెరా గురించీ, బ్యాటరీ గురించీ రాసేవారికి కొదవ లేదు కనుక వాటి జోలికి పోవడం లేదు. ఈ ఆండ్రాయిడ్ ఫోనును కొన్నేళ్లుగా నేను వదలకుండా వాడుతున్నది ప్రధానంగా ఒకే సదుపాయం కోసం. కాంటాక్టుల్లో ఒక పేరు తెరిచి, పై మూలనున్న మూడు చుక్కలు నొక్కితే వచ్చే జాబితాలో ఆ మనిషికి మాత్రమే వర్తించే రింగ్‌టోన్ పెట్టుకునే వీలుంటుంది. ఇది కొత్తగా వచ్చినదేమీ కాదు. అయినా నాకు తెలిసినవారిలో దాన్ని ఒక్కసారైనా నొక్కి చూసినవారు అరుదు. నాకైతే రాత్రి నిద్ర ఇచ్చింది అదే, ఒక రాత్రి ఉన్న నిద్రను నాకే ముప్పుగా మార్చిందీ అదే.

మాది ఆకివీడు దగ్గర వనామి రకం రొయ్యల సాగు. ఇల్లు ఊళ్లో, చెరువులు ఊరి బయట. పగలు చెరువు నీటిలోని నాచు ఎండ వల్ల ప్రాణవాయువును ఇస్తుంది, చీకటి పడ్డాక అదే నాచు రొయ్యలతో పోటీపడి దాన్ని వాడుకుంటుంది, అందువల్ల తెల్లవారుజాముకు నీటిలో అది బాగా తగ్గిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన నిలబెట్టడానికి రాత్రంతా ఏరియేటర్లు, అంటే నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు, తిప్పుతాం. కరెంటు పోతే చెరువు మీద కాపలా ఉండే అబ్బాయి జనరేటరు వేస్తాడు. జనరేటరు మొరాయిస్తే నాకు ఫోను చేస్తాడు, నేను ఎత్తాలి. ఇదే సమయంలో రాత్రీ పగలూ తేడా లేకుండా వచ్చే ఫోనులు మరికొన్ని ఉంటాయి: కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఎంత వచ్చిందని అడిగే కొనుగోలుదారులు, సమయం చూసుకోకుండా చేసే దూరపు చుట్టాలు, మేత బాకీ గుర్తు చేసే డీలరు. అందరికీ ఒకే మోత ఉంటే రెండే దారులు మిగులుతాయి, ప్రతి మోతకూ ఉలిక్కిపడి లేవడం, లేదా దేనికీ లేవకపోవడం.

నేను చేసిన ఏర్పాటు ఇది. ఫోను మొత్తానికి వర్తించే మామూలు రింగ్‌టోన్‌గా చాలా మెత్తని వీణ స్వరం ఒకటి పెట్టాను, పక్క గదిలోకి కూడా వినపడనంత మెత్తనిది. కాపలా అబ్బాయి పేరుకూ, మా ఆవిడ పేరుకూ, నీళ్ల మోటారుకు బిగించిన మొబైల్ స్టార్టరులోని సిమ్ నంబరుకూ గట్టి మోతలు విడివిడిగా పెట్టాను. మనుషులకే కాక మోటారుకు కూడా కాంటాక్టుల్లో పేరూ రింగ్‌టోనూ ఉండడం చూసి మా అల్లుడు నవ్వాడు గాని, కరెంటు వచ్చిందని ఆ స్టార్టరు చేసే కాల్ మోగినప్పుడు ఫోను చూడకుండానే లేచి బయల్దేరే సౌకర్యం అతనికి తెలియదు. మేత బస్తాలు మోస్తున్నా, చేతులు బురదలో ఉన్నా, జేబులో ఫోను మోగిన తీరును బట్టే ఎత్తాలా వద్దా తేలిపోయేది. ఆ రోజుల్లో నన్ను ఎవరైనా అడిగి ఉంటే, ఇంతకన్న ఉపయోగకరమైనది ఫోనులో ఇంకేమీ లేదని నిస్సంకోచంగా చెప్పేవాడిని.

మోత ఎంపికలో కొంత శాస్త్రం ఉంది. మొదట కాపలా అబ్బాయి పేరుకు మా ఊరి జాతరలో రికార్డు చేసిన డప్పుల మోత పెట్టాను. ఎదురుగా నిలబడి విన్నప్పుడు గుండెలదిరే ఆ శబ్దం ఫోనులో పక్క మంచం దాకా కూడా రాలేదు. ఫోను స్పీకరు చాలా చిన్నది కనుక లోతైన, బరువైన శబ్దాలను అది దాదాపు పలికించలేదు. మన చెవి 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్యనున్న శబ్దాలను అన్నిటికన్న చురుగ్గా పట్టుకుంటుంది, చిన్న స్పీకరు కూడా ఆ మేర చక్కగా పలుకుతుంది. అందుకని డప్పు తీసేసి నాదస్వరం పెట్టాను. తలగడ కింద ఉన్నా అది లేపేది. దీనితో వచ్చిన చిక్కల్లా పెళ్లిళ్ల సీజనులోనే: తాళి కట్టే వేళ అందరూ అక్షతలు తీస్తుంటే నేను జేబు తడుముకునేవాడిని.

రెండో మెలకువ శబ్దం మొదలయ్యే చోటుకు సంబంధించినది. మా వైపు ఇప్పటికీ మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకునే అలవాటు పోలేదు, రెండు మోతలకే పెట్టేస్తారు. పాటల్లో మొదటి రెండు మూడు సెకన్లు తరచూ నిశ్శబ్దమో సన్నని ఆలాపనో ఉంటుంది కనుక, ఆ భాగం కత్తిరించి అసలు స్వరం తొలి క్షణంలోనే పడేలా చేసుకోవాలి. కొన్ని ఫోన్లలో మోత క్రమంగా పెరిగే అమరిక కూడా ఉంటుంది, అది ఉంటే కట్టేయాలి. కత్తిరించిన ఫైలును ఫోను లోపలి నిల్వలో ‘రింగ్‌టోన్స్’ పేరుతో ఉన్న ఫోల్డరులో ఉంచితే ఎంపిక జాబితాలో దానంతట అదే కనిపిస్తుంది. మెమరీ కార్డులో ఉంచడం మంచిది కాదు. కార్డు కదిలినా, ఫైలును మరో ఫోల్డరుకు మార్చినా ఫోను ఏ హెచ్చరికా ఇవ్వకుండా మామూలు రింగ్‌టోన్‌కు మారిపోతుంది. ఈ ‘ఏ హెచ్చరికా ఇవ్వకుండా’ అన్నదే ఈ సదుపాయం మొత్తంలో నాకు నచ్చని గుణం. నంబరు సిమ్ కార్డులో దాచుకున్నదైతే చాలా ఫోన్లలో దానికి విడి రింగ్‌టోన్ పెట్టే వీలే ఉండదు, దాన్ని ముందు ఫోనులోకో గూగుల్ ఖాతాలోకో మార్చుకోవాలి. వాట్సాప్ కాల్‌కు ఇవేవీ వర్తించవు, దాని మోతలు దాని లోపలే విడిగా పెట్టుకోవాలి.

ఇక ఆ రాత్రి సంగతి. పంట చేతికి రావడానికి ఇంకా కొద్ది వారాలే ఉంది. తెల్లవారుజామున కరెంటు పోయింది. అబ్బాయి జనరేటరు వేయబోతే దాని బ్యాటరీ దిగిపోయి ఉంది. మారు బ్యాటరీ మా ఇంట్లో ఉంది. అతను నాకు వరుసగా ఫోను చేస్తూనే ఉన్నాడు, నా ఫోను మోగుతూనే ఉంది, కానీ నాదస్వరం కాదు, పక్క గదికి కూడా వినపడకూడదని నేనే ఏరికోరి పెట్టుకున్న వీణ స్వరం. చివరికి అతనికి తోచి మా ఆవిడకు చేశాడు. ఆమె ఫోనులో మామూలుగా మోగే మోతే ఉంది కనుక ఆమె లేచింది. ‘అమ్మగారండి, అయ్యగారు ఫోను ఎత్తట్లేదండి’ అన్న మాట ఫోనులోంచి బయటికి వినిపిస్తుండగా నన్ను కుదిపి లేపింది. బ్యాటరీ మోటారు సైకిలు మీద పెట్టుకొని వెళ్లేసరికి రొయ్య గట్టు వెంబడి పైకి తేలుతోంది. జనరేటరు అందుకుని ఏరియేటర్లు తిరిగాక చాలావరకు సర్దుకుంది. అయినా ఆ తర్వాత కొన్ని రోజుల పాటు రొయ్య మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రేలు లేపినప్పుడల్లా మేత మిగిలే ఉండేది, కొంత సరుకు పోయింది.

ఏమైందో తేల్చడానికి ఆనవాళ్లు ఫోనులోనే ఉన్నాయి. కుదిపి లేపినప్పుడు ఫోను అందుకుని వేలిముద్ర పెడితే తెరుచుకోలేదు, రీస్టార్ట్ అయిందనీ పిన్ కొట్టాలనీ అడిగింది. అంతకన్న వింతగా, పిన్ కొట్టకముందు తెర మీద కనిపించిన మిస్డ్ కాల్ వరుసలో అబ్బాయి పేరు లేదు, ఉత్త నంబరే ఉంది. పిన్ కొట్టిన తర్వాత అదే నంబరుకు మళ్లీ పేరు వచ్చింది, పగలు చేసి చూస్తే నాదస్వరమే మోగింది. సర్వీసు కేంద్రానికి తీసుకెళ్తే అక్కడివారికి అంతా సవ్యంగానే కనిపించింది, సిమ్ మార్చి చూడమనీ, లేదంటే ఫోను మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెట్టమనీ సలహా ఇచ్చి పంపారు. ఆ సలహా పాటించి ఉంటే పెట్టుకున్న రింగ్‌టోన్లు కూడా పోయేవి తప్ప అసలు కారణం బయటపడేది కాదు.

కారణం ఇది. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7.0 నుంచి ఫోను లోపలి సమాచారాన్ని రెండు రకాలుగా తాళం వేసి ఉంచే పద్ధతి మొదలైంది. ఫోను ఆన్ అయిన వెంటనే అవసరమయ్యే కొద్దిపాటి సమాచారం ఒక తాళం కింద ఉంటుంది, దానికి మన పిన్ అక్కరలేదు. అలారం మోగడం, కాల్ రావడం దాని వల్లే సాధ్యమవుతుంది. మన సొంత సమాచారమంతా, కాంటాక్టుల పుస్తకంతో సహా, రెండో తాళం కింద ఉంటుంది, రీస్టార్ట్ అయ్యాక మొదటిసారి పిన్ కొట్టేదాకా ఆ తాళం తెరుచుకోదు. ఆ మధ్య వ్యవధిలో కాల్ వస్తే ఆ నంబరు ఎవరిదో ఫోనుకు తెలిసే మార్గం లేదు. పేరే తెలియనప్పుడు ఆ పేరుకు పెట్టిన రింగ్‌టోన్ ఏదో ఎలా తెలుస్తుంది? అందుకే అందరికీ వర్తించే మామూలు రింగ్‌టోన్ మోగిస్తుంది. భద్రత దృష్టితో చూస్తే ఇందులో తప్పు పట్టవలసింది లేదు. దొంగ చేతిలో పడిన ఫోను రీస్టార్ట్ చేసినంత మాత్రాన మన చుట్టాల పేర్లు అతనికి దొరకకూడదు కదా. నా కినుక అంతా ఫోను తయారు చేసినవారు ముందే ఆన్ చేసి పెట్టిన మరో అమరిక మీద: అర్ధరాత్రి దాటాక, మనం నిద్రలో ఉన్నప్పుడు, ఫోను తనంతట తాను కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకొని రీస్టార్ట్ అయిపోవడం. ఎవరికీ ఇబ్బంది ఉండదని వారు ఎంచుకున్న వేళే చెరువు ఉన్నవాడికి అన్నిటికన్న కీలకమైన వేళ.

దీన్ని ఎవరైనా తమ ఫోనులో పరీక్షించి చూసుకోవచ్చు. ఇంట్లో ఒకరి నంబరుకు ప్రత్యేకమైన మోత పెట్టి, ఫోను రీస్టార్ట్ చేసి, పిన్ కొట్టకుండా పక్కన పెట్టి, వారి చేత ఫోను చేయించాలి. మామూలు మోత వచ్చి, తెర మీద పేరు లేకుండా నంబరు మాత్రమే కనిపిస్తే మీ ఫోనుదీ ఇదే వరస. మా అమ్మాయి దగ్గరున్న ఐఫోనులో చేసి చూసినా పేరు రాలేదు, నంబరే వచ్చింది. ఐఫోనులో ఒక సుఖం మాత్రం ఉంది: కాంటాక్టు రింగ్‌టోన్ తెరలోనే ‘ఎమర్జెన్సీ బైపాస్’ అనే మీట ఉంటుంది, ఫోను సైలెంటులో ఉన్నా ఆ ఒక్క మనిషి కాల్ మోగుతుంది. నా ఫోనులో విడి రింగ్‌టోన్‌కు అంత అధికారం లేదు, వైబ్రేట్‌లో పెట్టి మరిచిపోతే నాదస్వరం కూడా గప్‌చుప్.

పాత ఫోనొకటి చెరువు కాల్స్ కోసమే మంచం పక్కన ఉంచుకోవాలన్న ఆలోచన కూడా వచ్చింది. అందులోనూ ఒక మెలిక ఉంది. వరుసగా మూడు రోజులు తాళం తీయకుండా ఉన్న ఆండ్రాయిడ్ ఫోను దానంతట అదే రీస్టార్ట్ అయ్యే భద్రతా ఏర్పాటు 2025 ఏప్రిల్‌లో గూగుల్ ప్లే సర్వీసుల ద్వారా వచ్చింది. ముట్టుకోకుండా పక్కన పెట్టిన ఫోనే మళ్లీ పేర్లు మరిచే స్థితికి చేరుతుందన్నమాట. అసలు పిన్నే పెట్టకపోతే ఈ తంటా ఉండదు గాని, డబ్బు చెల్లింపుల యాప్‌లున్న ఫోనుకు ఆ పని చేయలేను.

చివరికి లెక్క తిరగేశాను. ఫోను మొత్తానికి వర్తించే మామూలు రింగ్‌టోన్‌గా నాదస్వరం పెట్టాను, మెత్తని వీణ స్వరాన్ని డీలరుకూ, కొనుగోలుదారులకూ, వేళకాని వేళ చేసే చుట్టాలకూ ఒక్కొక్కరికి విడిగా పెట్టాను. ఇప్పుడు ఫోను ఎవరినీ గుర్తుపట్టకపోయినా గట్టిగానే మోగుతుంది. రాత్రిపూట తనంతట తాను రీస్టార్ట్ అయ్యే అమరికను కూడా కట్టేశాను, కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే పగలు నేనే ఎక్కిస్తున్నాను. దీనికి మూల్యం మధ్యాహ్నం కునుకు. రాత్రి మేలుకునేవాడు పగలు గంటసేపు నడుము వాల్చాలి, సరిగ్గా అప్పుడే అప్పు కావాలా అని అడిగే కొత్త కొత్త నంబర్ల నుంచి కాల్స్ వస్తాయి, కాంటాక్టుల్లో లేని నంబరుకు విడిగా మోత పెట్టే వీలు నా ఫోనులో లేదు, కనుక ప్రతి అప్పు కంపెనీకీ పెళ్లి వాద్యమే. పైగా పాత ఫోను నుంచి దీనికి మారినప్పుడు పేర్లూ నంబర్లూ ఖాతాతో వచ్చాయి గాని, ఎవరికి ఏ మోత అన్నది రాలేదు. ఫోను మార్చినప్పుడల్లా ఆ జాబితా అంతా చేత్తో మళ్లీ పెట్టుకోవలసిందే. మొదట్లో ఇంతకన్న ఉపయోగకరమైనది లేదన్న నేను ఇప్పుడు అంత మాట అనను, ఉపయోగకరమే అంటాను.

మీరు పట్నంలో అపార్టుమెంటులో ఉండి, ఎవరు చేస్తున్నారో చూడకుండానే తెలియాలన్న సరదాకే అయితే ఈ సదుపాయం నిరభ్యంతరంగా వాడుకోవచ్చు, ఒక రాత్రి మోత మారినా కొంప మునగదు. నాలాగా ఒక్క కాల్ మీద పంట ఆధారపడి ఉంటే మాత్రం మామూలు రింగ్‌టోన్ గట్టిది పెట్టుకొని, మెత్తనివి మిగతావారికి పంచడం మేలు. ఇంట్లో రెండో మనిషి ఫోనుకు కూడా చెరువు నుంచి కాల్ వచ్చే ఏర్పాటు ఉంటే ఇంకా మంచిది. మా ఇంట్లో ఆ రెండో ఫోనును మా ఆవిడ ఈ మార్పులేవీ చేయనివ్వకుండా, కొన్న రోజున ఉన్న మోతతోనే ఉంచుకుంది.