భీమా కిరణ్ ఉల్లి విత్తనం: ధర్మాబాద్ వైపు పెరళ్లకు పనికొస్తుందా?

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూర్ వైపు విత్తనాల దుకాణాల్లో ఉల్లి విత్తనం అడిగేటప్పుడు ఏ కాలానికో ముందే చెప్పండి. యాసంగిలో పెరట్లో వేసి వానాకాలమంతా ఇంట్లో వాడుకోవాలంటే భీమా కిరణ్ మంచి ఎంపిక. పుణె జిల్లా రాజ్‌గురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ ఇచ్చిన రకం ఇది. గడ్డ లేత ఎరుపు, మధ్యస్థ సైజు, మెడ (గడ్డ పైన ఆకులు మొదలయ్యే చోటు) సన్నం. ఆ సన్నటి మెడ కోసమే దీన్ని కొనాలి. అది త్వరగా ఎండి మూసుకుంటుంది కాబట్టి కుళ్లు లోపలికి దిగదు, బాగా ఆరబెడితే గడ్డ ఐదారు నెలలు ఆగుతుంది. జంట గడ్డలు, పూతకాడలు కూడా తక్కువే. వానాకాలం పంటకైతే ఇది వద్దు, భీమా సూపర్ గానీ అగ్రిఫౌండ్ డార్క్ రెడ్ గానీ అడగండి.

ఉల్లి విత్తనానికి మొలకశక్తి ఏడాది దాటితే బాగా పడిపోతుంది. ప్యాకెట్ మీద పరీక్ష తేదీ చూడనిదే డబ్బులివ్వొద్దు, విడిగా తూచి ఇచ్చే గింజ అసలే వద్దు. నీలం ట్యాగు ఉన్న ధ్రువీకరణ విత్తనానికి కనీసం 70 శాతం మొలక ఉండాలి. తడిగుడ్డలో 50 గింజలు చుట్టి పెడితే పది రోజుల్లో 35 అయినా మొలవాలి. పది చదరపు మీటర్ల మడికి 5 గ్రాములు చాలు, 15×10 సెంటీమీటర్ల దూరంలో సుమారు 660 మొక్కలు పడతాయి.

దసరా, దీపావళి మధ్య నారు పోయండి. గింజ సెంటీమీటరు లోతుకు మించొద్దు, పైన జల్లించిన పెంట ఎరువు కప్పాలి. నారు ఏడెనిమిది వారాలకు నాటుకు వస్తుంది. ముదిరి లావెక్కిన నారు నాటితే చలికి పూతకాడ వేస్తుంది, అప్పుడు విత్తనాన్ని తిట్టి లాభం లేదు.

ఇక్కడి నల్లరేగడిలో చదును మడి కుదరదు. నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది, ఎండితే నేల బిగిసి గడ్డ వంకర పోతుంది. 15 సెంటీమీటర్ల ఎత్తు బోదెలు చేసి, మాగిన పెంట బాగా కలపండి. ఉల్లి వేర్లు పైపైనే ఉంటాయి కాబట్టి తడులు తేలికగా, క్రమంగా ఇవ్వాలి. బాగా ఎండనిచ్చి ఒక్కసారి ముంచితే గడ్డలు పగులుతాయి. ఆకుల మీద వెండిరంగు చారలు కనిపిస్తే తామర పురుగు పడ్డట్టే. లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి ఆకు మొదళ్లలోకి కొట్టాలి. నాటిన 45 రోజుల తర్వాత యూరియా ముట్టుకోవద్దు. వేస్తే మెడ లావెక్కుతుంది, ఇక ఈ రకం కొన్నందుకు ఫలితమే ఉండదు.

నాటాక కోతకు సుమారు 130 రోజులు. లోపం చెప్పాలంటే ఇదే: ఏప్రిల్ ఎండల దాకా నీళ్లుండాలి, మడి వేరే దేనికీ ఖాళీ కాదు. పైగా పెద్ద గడ్డలు కావాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు. కోతకు 10–15 రోజుల ముందు తడులు ఆపాలి. సగం మొక్కల ఆకులు మెడ దగ్గర వాలగానే తవ్వండి. బిగిసిన రేగడిలో చేత్తో లాగితే మెడ తెగుతుంది, కుర్పీతో పక్క నుంచి లేపాలి. గడ్డలకు ఎండ తగలకుండా వాటి ఆకులే కప్పి మూడు నాలుగు రోజులు మడిలోనే ఉంచండి. తర్వాత రెండు సెంటీమీటర్ల మెడ వదిలి కోసి, గాలాడే నీడలో మరో 10–12 రోజులు పరచాలి. మెడను వేళ్లతో నలిపితే లోపల జారినట్టు అనిపిస్తే ఇంకా ఆరలేదన్నమాట. లావు మెడవి, దెబ్బ తగిలినవి వేరు చేసి ముందు వండుకోండి. మిగతావి వెదురు బుట్టల్లో పలుచగా పరచండి, గోనెసంచిలో కుక్కొద్దు.